వట్టి గిన్నె

“వట్టి గిన్నె చూసినావా?” అని అడిగాడు సుదర్శన్ సార్.

“చూసినా సార్” అంది పుష్పావతి.

చూడలేదు. అసలు వట్టి గిన్నె పెట్టనే లేదు. పెట్టని గిన్నెను ఎక్కడ చూస్తుంది? ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే ఒక్క క్షణం అనుమానం వచ్చింది. వచ్చి ఏం లాభం? సార్ అప్పటికే మైక్రోస్కోపు మీదికి వంగి, చంటిబిడ్డను చూసినవాడిలా తనలో తాను నవ్వుకుంటున్నాడు.

సుదర్శన్ సార్ దగ్గర పరిశోధనకు చేరిన పిల్లలకు మొదటి రోజు నేర్పేది ఒకటే. ఏ పరీక్ష చేసినా, మందు వేసిన గిన్నె పక్కన మందు వేయని గిన్నె ఒకటి పెట్టాలి. ముందు దాన్ని చూడాలి. “దాంట్లో ఏమీ లేదని తేలినాకనే దీంట్లో ఏదో ఉండాదని చెప్పు. లేదంటే నోరు మూసుకోని కూర్చో” అనేవాడు. పుస్తకాలు దాన్ని కంట్రోల్ అంటాయి. సార్‌కు అది వట్టి గిన్నె. ఆయన అనంతపురంలో తరాలుగా నూనె అమ్ముకునే ఇంట్లో పుట్టిన మనిషి. సరుకు వేసే ముందు వట్టి తక్కెడ ఎదుటివాడికి చూపించాలని వాళ్ళ నాయన వీరభద్రయ్య చెవి మెలిపెట్టి నేర్పాడట. అంగడి వదిలి కాలేజీకి వచ్చినా ఆ చెవినొప్పి మాత్రం ఆయన్ను వదల్లేదు.

పోనీ పుష్పావతికి ఆ సంగతి తెలియదా అంటే, తెలియకపోవడమేమిటి. మొన్నమొన్ననే జూనియర్ జయరాం వట్టి గిన్నె పెట్టలేదని అందరి ముందూ ఉతికి ఆరేసింది. “తిండి తినేది మర్చిపోతావా? ఇదెట్ల మర్చిపోతావు?” అని అడిగింది. ఆమెకు కోపం ముక్కు మీద ఉంటుంది. అలాంటి మనిషి నోట అబద్ధం అంత సులువుగా ఎలా దొర్లిందో చెప్పాలంటే ఎలుక దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

పుష్పావతి వాళ్ళది శింగనమల చెరువు అవతలి ఊరు. ఆమె ఇంటర్ చదివే రోజుల్లో వాళ్ళ పాడి ఎనుము బూజు పట్టిన, నూనె తీసిన శనక్కాయ చెక్క తిని, మేత మానేసి, మూలుగుతూ చచ్చిపోయింది. వానలు ముఖం చాటేసిన ఏట కాయలకు బూజు ఎక్కువ. దాని విషం కాలేయాన్ని పాడు చేస్తుంది. అదే చెక్క ఉన్న గోతంలో ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, హాయిగా తిరుగుతున్నాయి. ఆమె నాయన ఓబుళేసు ఎనుమును పూడ్చి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ అడిగాడు.

“ఎనుముకు ఎక్కిన విషం ఎలకకు ఎందుకు ఎక్కలేదు పాపా? నువ్వు సైన్సు చదువుతాండావు గదా.”

“తెల్దు నాయనా” అంది. తెలియదని చెప్పడానికి ఆ రోజు ఆమెకు కొంచెం కూడా సిగ్గు వేయలేదు.

పెద్ద చదువుల్లోకి వచ్చాక తెలిసింది. ఎలుక కాలేయంలో ఒక జన్యువు ఉంది. అది తయారుచేసే ప్రోటీను ఆ బూజు విషాన్ని విరిచేస్తుంది. ఆ జన్యువును విషం తట్టుకోలేని కాలేయ కణాల్లోకి పంపితే అవి బతుకుతాయా? సుదర్శన్ సార్ ఆమెకు ఇచ్చిన పని అదే. నిజానికి సార్ ఇచ్చాడా, ఆమే అడిగి తీసుకుందా అంటే, ఎనుము ఇచ్చిందని అనుకోవాలి.

జన్యువు తనంతట తాను కణంలోకి నడిచిపోదు. మోసేవాడు కావాలి. లెంటివైరస్ అని ఒకటి ఉంది. దాంట్లో రోగం తెచ్చే భాగాలన్నీ తీసేసి, ఆ డొల్లలో ఎలుక జన్యువును పెట్టి, గోరంత సీసాల్లో గడ్డకట్టించి అమ్ముతారు. అది కణంలోకి దూరి తన మూటను అక్కడ దించేస్తుంది, అంతే. తాను పెరగదు, ఇంకొకరికి అంటదు. అయితే మూట దిగిందో లేదో కంటికి కనిపించదు కదా. అందుకని జన్యువు చివర ఒక తోక తగిలిస్తారు, ట్యాగ్ అంటారు. మంద కలిసిపోతే మన గొర్రె ఏదో తెలియడానికి చెవికి గాటు పెట్టుకుంటారే, అలాంటిదే. ఈ తోక మీద నీలి వెలుతురు పడితే పచ్చగా మెరుస్తుంది. మెరిస్తే జన్యువు దిగి పని చేస్తున్నట్టు. మెరవకపోతే లేనట్టు.

రెండువేల ఏడులో, సరిగ్గా దసరా ముందర, ఆ సీసాలు పొగలు కక్కే పొడి మంచు పెట్టెలో బెంగుళూరు దాకా వచ్చాయి. అక్కడ్నుంచి సార్ స్వయంగా కారులో తెచ్చి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాడు. పుష్పావతి ఆ రోజే మొదలుపెడతానంది. సార్ ఒప్పుకోలేదు.

“ఆయుధ పూజ కానీ. పూజ కాకుండా కొత్త సరుకు ముట్టుకోకూడదు.”

సైన్సు మాట వచ్చేసరికి దేవుణ్ణి కూడా వట్టి గిన్నె చూపించమనే మనిషి, పూజ మాట వచ్చేసరికి నూనె అంగడి పిల్లవాడై పోతాడు. మహర్నవమి రోజు ల్యాబులో ఏ యంత్రమూ తిరగలేదు. ఫ్రీజరు, కణాలు పెంచే పెట్టె తప్ప అన్నిటికీ సెలవు. గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టారు. సార్ గిన్నె నిండా పసుపు కలిపి, మైక్రోస్కోపుకు, తక్కెడకు, సీసాలకు, చివరికి కుర్చీలకు కూడా తన చేత్తోనే పూసి బొట్లు పెట్టాడు. పుష్పావతి పళ్ళెం పట్టుకుని వెంట నడిచింది.

బల్ల మీద స్పిరిటు సీసా ఉంది. దాన్నిండా గోటి సైజు గాజు బిళ్ళలు మునిగి ఉంటాయి. కణాలను వాటి మీదే పెంచుతారు, అందుకని క్రిములు చేరకుండా స్పిరిటులో వేసి ఉంచుతారు. పుష్పావతి మూత మీద బొట్టు పెట్టబోతుంటే సార్ ఆపాడు.

“మూతకు పెడితే మూతకు పెట్టినట్టు. మూతికి పెట్టాల. మా నాయన నూనె డబ్బాలన్నిటికీ మూతి లోపలి అంచుకే పూసేటోడు.”

ఆమె మూత తీసి సీసా అందించింది. సార్ వేలితో అంచు చుట్టూ లోపలి వైపు పసుపు తిప్పాడు. మర్నాడు పైపైన పసుపంతా తుడిచేశారు. మూతి లోపల తుడవాలని ఎవరికి తోస్తుంది?

పండగ వెళ్ళిన వారమే కరెంటు ఒక పగలంతా పోయింది. జనరేటరు మొరాయించింది. కణాలు సగానికి పైగా చచ్చిపోయాయి. మిగిలినవి, పొద్దున్నే కరిగించి పెట్టుకున్న వైరస్‌కు సరిపోతాయి, వట్టి గిన్నెకు చాలవు. మళ్ళీ కణాలు పెరిగేదాకా ఆగాలి. ఆగితే కరిగిన వైరస్ పాడవుతుంది. ఉన్నవన్నీ వైరస్‌కే వేద్దాం, వట్టి గిన్నె తర్వాత పెట్టుకుందాం, చీకటే కదా ఎక్కడికి పోతుంది అనుకుంది పుష్పావతి. బిళ్ళలు తీసి, ఆరబెట్టి, గిన్నెల్లో పెట్టి, కణాలు పోసి, వైరస్ వేసింది.

ఆ గిన్నెలు మెరిశాయి. ప్రతి కణమూ దీపం పెట్టినట్టు పచ్చగా వెలుగుతోంది. పరిగెత్తుకుంటూ పోయి సార్‌ను పిలుచుకొచ్చింది. సార్ వస్తూనే ఆ ప్రశ్న అడిగాడు. లేదు సార్, రేపు పెడతాను అంటే ఏమయ్యేది? సార్ ఒక్క తిట్టు తిట్టి, రేపే చూస్తానని వెళ్ళిపోయేవాడు. ఆ సంతోషం ఒక రోజు ఆలస్యమయ్యేది. అంతకు మించి ఏమీ అయ్యేది కాదు. ఆ ఒక్క రోజు ఆగలేక చూసినా సార్ అంది. అబద్ధాలకు గొప్ప గొప్ప కారణాలు ఉంటాయనుకుంటాం, ఒక్కోసారి ఇంతే ఉంటుంది.

సార్ తలెత్తేసరికి ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

“మీ నాయనకు చెప్పినావా?” అన్నాడు. “శనివారం రాత్రి రైలుకు నేను బెంగుళూరు పోతాండా. ఆదివారం మీటింగులో దీన్ని పెద్ద పెద్దోళ్ళకు చూపిస్తా. దానికి ముందు మీ ఊరోళ్ళు చూడాల. శెనక్కాయ పండించేటోడు చూసినాకనే వాళ్ళు.”

“ఎందుకు సార్ ఇప్పుడే...” అని గొణిగింది.

“నువ్వు ఊరుకో. నేనే ఫోన్ చేస్తా” అన్నాడు. చేశాడు కూడా.

పుష్పావతి, అబద్ధాన్ని నిజం చేస్తే అయిపోతుంది కదా అని దారి వెతుక్కుంది. సీసా అడుగున అంటుకుని మిగిలిన కాసిని కణాలు మళ్ళీ పెరిగాయి. వాటితో శుక్రవారం వట్టి గిన్నె పెట్టింది. అదే సీసాలోంచి బిళ్ళ తీసి, కణాలు పోసి, వైరస్ వేయకుండా వదిలేసింది. రేపు దాన్ని చూస్తాను, చీకటిగా ఉంటుంది, అప్పుడు నేను చూసినట్టే అని తనకు తాను చెప్పుకుంది.

శనివారం పొద్దున్నే వచ్చి చూసింది. వట్టి గిన్నె పచ్చగా మెరుస్తోంది.

మొదట వైరస్ ఎక్కడో చిందిందని తిట్టుకుంది. కణాలే లేని ఉత్త గాజు బిళ్ళను ఒకదాన్ని సీసాలోంచి తీసి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టింది. అదీ మెరిసింది. అప్పుడు సీసా కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో చూసింది. స్పిరిటు లేత పసుపు రంగులో ఉంది. మూత తీసింది. మూతి అంచున సార్ వేలితో తిప్పిన పసుపు సగం కరిగిపోయి చారలుగా కిందికి దిగి ఉంది. కిందికి దుకాణానికి పోయి పసుపు పొట్లం కొనుక్కొచ్చి, చిటికెడు తాజా స్పిరిటులో కలిపి నీలి వెలుతురు వేసింది. పచ్చగా, అచ్చం ఎలుక జన్యువులాగే మెరిసింది. నీళ్ళలో కరగని పసుపు స్పిరిటులో కరుగుతుంది. కరిగి బిళ్ళలకు అంటుకుంది. బిళ్ళల మీది కణాలు దాన్ని తాగాయి. ఎలుక జన్యువు లోపలికి పోయిందో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఇన్ని రోజులుగా వీళ్ళు చూసి మురిసింది పసుపును.

పుష్పావతి స్టూలు మీద కూలబడింది. ఛీ, ఏం బతుకు నాది అనుకుంది. పసుపు మీద కోపం వచ్చింది. సార్ మీద, సార్ వాళ్ళ నాయన మీద, నూనె డబ్బాల మీద కూడా వచ్చింది. వచ్చిన కోపమంతా తిరిగి తిరిగి ఒక్క చోటికే చేరింది. పసుపు ఎవరైనా పూయొచ్చు. వట్టి గిన్నె చూసి ఉంటే ఆ రోజే దొరికిపోయేది.

సార్ రాగానే చెప్పెయ్యాలి. ఆయన బెంగుళూరులో నలుగురి ముందు నిలబడి పసుపును ఎలుక జన్యువని చూపిస్తే, జీవితమంతా వట్టి తక్కెడ చూపించిన మనిషి పేరు మట్టిలో కలుస్తుంది. మాట కూడా సిద్ధం చేసుకుంది. సార్, నేను చూడలేదు. ఎంత చిన్న మాట. దాన్ని గొంతులో పెట్టుకుని ఎదురుచూస్తుంటే మెట్ల మీద చాలా కాళ్ళ చప్పుడు వినిపించింది. సార్ ఒక్కడే రాలేదు. ఊరివాళ్ళను బస్టాండు నుంచి వెంటబెట్టుకుని వచ్చాడు.

ముందు ఓబుళేసు ఉన్నాడు. ఇస్త్రీ చేసిన పంచె, భుజాన తువ్వాలు, చేతిలో బరువుగా గుడ్డ సంచి. మెట్ల దగ్గరే చెప్పులు విడిచాడు. వెనక ఈశ్వరప్ప, తిమ్మన్న, పక్కింటి కదిరమ్మ. శనక్కాయ పీకుడు నడుస్తున్న రోజులు. అది ఆపుకుని వచ్చారు.

“ఏమి పుష్పా, ఎలకలకు పెండ్లి చేస్తాండావంట గదా. మాకు భోజనాలు ఉండాయా లేదా?” అంది కదిరమ్మ. అందరూ నవ్వారు.

“సార్, ఒక మాట చెప్పల్ల” అంది పుష్పావతి.

“మాటలు తర్వాత. ముందు కిటికీ గుడ్డ దించు” అన్నాడు సార్. మైక్రోస్కోపు గది చిన్నది. ఇద్దరు ముగ్గురికి మించి పట్టరు. “ముందు పెద్దాయన రానీ. తక్కినోళ్ళు వరండాలో కూర్చోండప్పా, ఒక్కొక్కరినే పిలుస్తా.”

తలుపు మూసుకుంది. చీకట్లో సార్, ఓబుళేసు, పుష్పావతి మిగిలారు. వైరస్ వేసిన గిన్నె పెట్టింది. ఓబుళేసు గుడిలో వంగినట్టు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

“పచ్చగా ఉండాది పాపా” అన్నాడు మెల్లగా. “వాన పడినాక మొలకలొచ్చిన మాదిరి ఉండాది.”

“అదే ఎలక జన్యువు” అన్నాడు సార్.

“అప్పుడు మన ఎనుముకు ఇది ఉండింటే బతికేది గదా పాపా.”

ఎనుమును ఆయన ఇన్నేళ్ళూ మర్చిపోలేదు. తను ఆయనకు పసుపు చూపిస్తోంది.

“ఇప్పుడు వట్టి గిన్నె పెట్టు తల్లీ” అన్నాడు సార్. “మీ నాయనకు చీకటి గూడా చూపించు. చీకటి చూడందే వెలుతురు నమ్మకూడదు పెద్దాయనా, అది నా పట్టు.”

గిన్నె మార్చింది. దాంట్లోనూ అదే వెలుగుందని ఆమెకు తెలుసు. మైక్రోస్కోపు దీపానికి ఒక అడ్డు పలక ఉంటుంది. వేలితో నెడితే నీలి వెలుతురు ఆగిపోతుంది. ఆమె వేలు దాని మీదే ఉంది. నెట్టింది. మొదటి అబద్ధం నోటితో చెప్పింది, రెండోది వేలితో చెప్పింది. కన్నతండ్రి కంటికి చెప్పింది.

ఓబుళేసు వంగాడు. చూశాడు. తల పైకెత్తి తువ్వాలు కొసతో కన్ను తుడుచుకున్నాడు. మళ్ళీ వంగాడు.

“నా కంటికేమీ ఆనలేదు పాపా” అన్నాడు. గొంతులో బెరుకు. “ఈ కంటికి పొర కమ్మిందని డాక్టరు చెప్పినాడు. నువ్వు బాగనే చూపిస్తాండావు, నాదే తప్పు. ఉండు, ఆ కంటితో చూస్తా.”

“ఆనకూడదు పెద్దాయనా, అదే సరి” అని సార్ నవ్వాడు.

ఓబుళేసు వినిపించుకోలేదు. కూతురు చూపించేది తనకు కనిపించకపోతే ఆమెకు చిన్నతనం అనుకున్నాడేమో. రెండో కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి, వెతుకుతున్నాడు. ఆమె చేసిన చీకట్లో ఏదో ఉందని నమ్మి వెతుకుతున్నాడు. ఆ ముసలి మెడ మీది నరం ఉబ్బడం ఆమెకు కనిపించింది. ఇక భరించలేకపోయింది. పలక వెనక్కి లాగేసింది.

“ఆ” అన్నాడు ఓబుళేసు సంతోషంగా. “ఇప్పుడు ఆనింది. పచ్చగా ఉండాది సార్, ముందు దాని మాదిరే.”

సార్ నవ్వు ఆగిపోయింది.

“జరుగు పెద్దాయనా” అని తాను వంగాడు. గిన్నె చూశాడు. పుష్పావతి ఏమీ అడగకుండానే ఉత్త బిళ్ళ తీసి పెట్టింది. దాన్నీ చూశాడు. స్పిరిటు సీసా తెచ్చి, మూత తీసి, ఆయన చేతికిచ్చింది. గుడ్డ కొంచెం తొలగించి ఆ వెలుతురులో మూతి లోపల చూసుకున్నాడు. ఆ పసుపు తిప్పిన వేలినే అంచు మీద పెట్టి చూశాడు.

“ఇది పూసింది నేను” అన్నాడు.

“మీరు పూసింది తప్పు కాదు సార్” అంది పుష్పావతి. “వట్టి గిన్నె పెట్టింటే ఆ పొద్దే తెలిసేది. మీరు అడిగినారు. నేను చూసినానని చెప్పినా. చూడలేదు సార్. అసలు పెట్టనే లేదు. ఈ గిన్నె నిన్న పెట్టినా.”

సార్ తిడతాడని కళ్ళు మూసుకుంది. గాజు గొట్టం పగిలితే గోల చేసే మనిషి, స్టూలు మీద కూర్చుని చొక్కా జేబులోంచి రైలు టికెట్ తీసి చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే ఆమెకు ప్రాణం కుదుటపడేది. ఆయనకు ఆ మాత్రం కోపం తెప్పించేంత నమ్మకం కూడా తన మీద మిగల్లేదని అర్థమై, నిలుచున్న చోటే కుంచించుకుపోయింది.

“బెంగుళూరుకు ఫోన్ చేసి రాలేనని చెప్పల్ల” అన్నాడు చివరికి. “బయట వాళ్ళకు ఏం చెప్పేది...”

ఓబుళేసుకు జన్యువులు, ట్యాగులు తెలియవు. తన కూతురు చేయని పని చేశానని చెప్పిందని, దాని వల్ల పెద్దమనిషి ఒకడు తల దించుకున్నాడని మాత్రం బాగా తెలిసింది. తువ్వాలు భుజాన సర్దుకున్నాడు.

“నేను చెప్తాలే సార్” అన్నాడు. కూతురి వైపు చూడకుండా తలుపు తీసుకుని వరండాలోకి పోయాడు.

తలుపు సందులోంచి అంతా వినిపిస్తోంది.

“ఏమప్పా ఓబుళేసూ, చూసినావా?” ఈశ్వరప్ప గొంతు.

“చూసినా.”

“ఎట్లుండాది?”

“బాగుండాది. అంతా సరిగ్గానే ఉండాది. మా పాప బాగా చేసింది. దీపం వేడెక్కి ఆరిపోయింది, ఈ పొద్దుకు మీకు ఆనదంట. పదండి పోదాం.”

పుష్పావతి గోడకు చేయి ఆనించింది. ఎనుము చచ్చినప్పుడు ఇన్సూరెన్సు కోసం పాము కరిచిందని చెప్పమంటే, బూజు తిని చచ్చిందని చెప్పి వచ్చిన మనిషి ఆయన. ఊళ్ళో పొలం గట్టు తగాదా వస్తే అవతలివాడు కూడా ఓబుళేసునే సాక్ష్యం పిలుస్తాడు. అలాంటి మనిషి ఈ వయసులో, ఊరివాళ్ళ ముందు, కూతురు చెప్పిన మాటే తన నోటితో చెబుతున్నాడు. చూసినా అంటున్నాడు. సార్ ముందు నోరు విప్పినప్పుడు ఆమెకు సిగ్గేసింది. ఇప్పుడు వేసిన దాని ముందు అది ఏపాటిది.

బయటికి వచ్చింది. అందరూ లేచి చెప్పుల కోసం చూసుకుంటున్నారు.

“ఈశ్వరప్ప మామా, ఆగండి” అంది. “దీపం ఆరిపోలేదు. మా నాయన నా కోసరం అబద్ధం చెప్తాండాడు. ఆయన చూసింది ఎలకదీ కాదు, ఏమీ కాదు. పూజకు పెట్టిన పసుపు దాంట్లో పడింది, అదే మెరుస్తాండాది. దాన్ని నేను ముందే చూసుకోవల్ల. చూసుకోకుండానే చూసినానని సార్‌కు చెప్పినా. సార్‌ది ఏమీ లేదు, మా నాయనది ఏమీ లేదు. నాదే.”

తిమ్మన్న గోడవైపు తిరిగి బీడీ వెతుక్కున్నాడు. కదిరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో లేదో తెలియలేదు.

“పసుపు చూసేకి శెనక్కాయ పీకేది ఆపుకోని వచ్చినామా?” అన్నాడు ఈశ్వరప్ప. కోపంగా కూడా అనలేదు. అడగాల్సిందే అడిగాడు.

“అవును మామా” అంది పుష్పావతి.

వాళ్ళు మెట్లు దిగారు. ఓబుళేసు వెనక నిలిచిపోయాడు. ఆయన ముఖం ఎర్రబడి ఉంది. కూతురి అబద్ధం దాచబోయి తనదీ బయటపడిన మనిషి, చెప్పుల్లో కాళ్ళు పెట్టడానికి ఒకటికి రెండుసార్లు తడుముకున్నాడు. పుష్పావతి వంగి సర్దబోతే కాలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత, ఏమనుకున్నాడో, సంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అడుగంతా తడిగా ఉంది. మూతిలోంచి మట్టి వాసన వచ్చింది.

“పచ్చి కాయలు. పొద్దున్నే పీకినవి” అన్నాడు. “సార్‌కు గూడా పెట్టు. ఈ పొద్దే ఉడకేసుకోండి పాపా. మూట కట్టి మూలన పెడితే బూజు పడతాది.”

పుష్పావతి సంచిని రెండు చేతులా పట్టుకుంది. తల ఊపింది. ఆయన మెట్లు దిగి, గేటు దాటి, ఊరివాళ్ళకు కొంచెం వెనగ్గా, ఒంటరిగా బస్టాండు వైపు నడిచాడు.